తుంటి ఎముక విరిగిందా? ఆపరేషన్ దాకా నొప్పిని అణిచే నరాల బ్లాక్‌కి సమగ్ర మార్గదర్శి

తుంటి విరిగిన పెద్దవాళ్లు క్యాజువాల్టీలో చాలాసార్లు గోల చెయ్యరు. కాలు కాస్త పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి తిరిగి ఉంటుంది, మనిషి మాత్రం కదలకుండా పడుకుని ఉంటారు. "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగితే "ఇలా ఉంటే ఫర్వాలేదు బాబూ" అంటారు. ఆ మాట కేస్ షీట్‌లోకి ఎక్కేసరికి "నొప్పి లేదు" అయిపోతుంది. కాసేపటికి ఎక్స్-రే బల్ల మీదికి మార్చేటప్పుడో, బెడ్ పాన్ పెట్టేటప్పుడో పెట్టే కేక మాత్రం ఏ కాగితం మీదికీ ఎక్కదు.

కదలకుండా ఉంటే ఉండని ఆ నొప్పి గురించే ఈ వ్యాసం. విరిగిన ఎముకని సరిచేసేది ఆపరేషనే. కానీ థియేటర్‌లోకి వెళ్లేలోపు ఒక పగలో, ఒక రాత్రో, ఒక్కోసారి రెండు రోజులో గడుస్తాయి. ఆ వేళంతా పంటి బిగువున ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. గజ్జ దగ్గర ఇచ్చే ఒక ఇంజెక్షన్‌తో తుంటి నుంచి నొప్పిని మోసుకెళ్లే నరాల్ని చాలా గంటలు నిద్రపుచ్చవచ్చు. దాన్నే నరాల బ్లాక్ అంటాం. మత్తు డాక్టర్‌గా నేను గట్టిగా చెప్పేది ఒకటే: నొప్పిని కదలికలో కొలవండి, బ్లాక్‌ని ఆపరేషన్ రోజు దాకా ఆపకుండా ఆసుపత్రికి వచ్చిన మొదటి గంటల్లోనే అడగండి.

రోగి పక్కన ఉండే ఇంటివాళ్లని, డ్యూటీలో ఉండే కొత్త డాక్టర్లని, నర్సులని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. సూది గుచ్చే పద్ధతి గురించి రాసిన భాగం అవగాహన కోసమే. ఆ పని శిక్షణ పొందినవాళ్లే, తగిన పరికరాల మధ్యే చెయ్యాలి.

బ్లాక్ ఎందుకు పనిచేస్తుంది, ఎంతవరకు పనిచేస్తుంది

తుంటి కీలు చుట్టూ ఉండే సంచి లాంటి పొరకి ముందు వైపు నుంచి ఫెమోరల్ నరం, ఆబ్ట్యురేటర్ నరం, కొందరిలో అదనపు ఆబ్ట్యురేటర్ నరం కొమ్మల్ని పంపుతాయి. వెనక వైపు సయాటిక్ నరంతో పాటు పిరుదు ప్రాంతపు నరాల కొమ్మలు వస్తాయి. నొప్పిని పసిగట్టే కొసలు ముందు వైపే దట్టంగా ఉంటాయి. అందుకే గజ్జ వైపు నుంచి ఇచ్చే మందుతో నొప్పిలో పెద్ద భాగం తగ్గుతుంది. వెనక వైపు నరాలు అలాగే ఉంటాయి కాబట్టి అంతా మాయం కాదు. ఈ సంగతి ముందే తెలిస్తే "ఇంజెక్షన్ ఇచ్చారు, ఇంకా కొంచెం ఉంది" అని కంగారు పడరు. కదిలిస్తే పదికి తొమ్మిది ఉన్న నొప్పి మూడుకో నాలుగుకో దిగితే ఆ బ్లాక్ బాగా పనిచేసినట్టే.

ఆధారాల మాటకొస్తే, వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టి తేల్చే కొక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్ష 49 క్లినికల్ పరీక్షల్ని, మూడు వేల మందికి పైగా రోగుల్ని కలిపి చూసింది. బ్లాక్ ఇచ్చిన 30 నిమిషాల్లో, కదిలినప్పటి నొప్పి పది పాయింట్ల కొలత మీద బ్లాక్ లేనివాళ్లకంటే సుమారు రెండున్నర పాయింట్లు ఎక్కువ తగ్గింది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది ఇంకొకటి ఉంది. డెలిరియం, అంటే ఉన్నట్టుండి మతి చెదిరి ఎక్కడున్నారో తెలియక, రాత్రంతా కేకలు వేస్తూ గొట్టాలు లాగేసుకునే స్థితి, బ్లాక్ ఇచ్చినవాళ్లలో తక్కువగా కనిపించింది. సుమారు పన్నెండు మందికి బ్లాక్ ఇస్తే ఒకరికి అది తప్పుతుందని లెక్క. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కూడా బహుశా తగ్గుతుందని, మంచం దిగి నడవడం త్వరగా మొదలవుతుందని అదే సమీక్ష తేల్చింది.

అడుగు 1: నొప్పిని కదిలించి కొలవడం

సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఇంతకన్నా భరించలేను. ఈ అంకెని రెండుసార్లు అడగాలి: కదలకుండా ఉన్నప్పుడు ఒకసారి, కాలు కదిలినప్పుడు ఒకసారి. రెండోది డాక్టరో నర్సో చూడాలి. మడమ కింద చెయ్యి పెట్టి కాలిని కొద్దిగా, నెమ్మదిగా లేపబోతే చాలు, మొదటి కదలికకే ముఖం చెప్పేస్తుంది. ఇంటివాళ్లు సొంతంగా కాలు ఎత్తి చూడకూడదు. మీరు చెయ్యాల్సింది, "పక్కకి తిప్పినప్పుడు నొప్పి ఎంత ఉందో కూడా రాయండి" అని అడగడం.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లని అంకె అడిగి లాభం లేదు. వాళ్లకోసం పెయినాడ్ అనే కొలత ఉంది. ఊపిరి ఎలా తీస్తున్నారు, మూలుగుతున్నారా, ముఖం ముడుచుకుంటోందా, ఒళ్లు బిగబడుతోందా, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు. ఇక్కడ ఇంటివాళ్ల మాటకి డాక్టరు మాటకన్నా బరువెక్కువ. "మా నాన్న మామూలుగా ఇంత మౌనంగా ఉండరు" అని కూతురు చెప్పే ఒక్క మాట నొప్పి గురించి ఎంతో చెబుతుంది.

బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నొప్పిని రాగానే కొలవాలి, మొదటి మందు ఇచ్చిన 30 నిమిషాల్లో మళ్లీ కొలవాలి, వార్డులో కుదుటపడేదాకా గంట గంటకీ చూడాలి. ఏ దేశంలోనైనా పాటించదగ్గ పద్ధతి ఇది. ఖర్చు లేనిది కూడా.

అడుగు 2: బ్లాక్ వచ్చేలోపు ఇవ్వాల్సినవి

పారాసిటమాల్‌ని తేలిక మందని చిన్నచూపు చూడొద్దు. ఆరు గంటలకోసారి తప్పకుండా పడాలి. మామూలు పెద్దవాళ్లకి ఒక్కో మోతాదు ఒక గ్రాము. బరువు 50 కిలోల లోపు ఉన్నా, కాలేయం దెబ్బతిని ఉన్నా డాక్టరు తగ్గించి ఇస్తారు. అది చాలకపోతే మార్ఫిన్ జాతి మందుల్ని కొద్దికొద్దిగా ఇస్తారు. బక్కచిక్కిన వయసులో అవి మగత, వాంతులు, మలబద్ధకం తెస్తాయి, ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. వాటి అవసరాన్ని తగ్గించడమే బ్లాక్ చేసే పెద్ద మేలు. అలాగని మార్ఫిన్‌కి భయపడి నొప్పిని వదిలేస్తే డెలిరియం రాదనుకోవద్దు. చికిత్స అందని తీవ్రమైన నొప్పే డెలిరియానికి ఒక కారణం.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఈ సమయంలో వద్దు. ఒంట్లో నీరు తగ్గి ఉన్న పెద్దవాళ్ల కిడ్నీలని అవి దెబ్బతీస్తాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. ఇంట్లో మోకాళ్ల నొప్పులకి వాడే మాత్ర తెచ్చి మెల్లగా నోట్లో వేసే ప్రేమ కూడా ఇక్కడ ప్రమాదమే.

కాలికి బరువు కట్టి లాగే ట్రాక్షన్ సంగతి: ఆపరేషన్‌కి ముందు అందరికీ మామూలుగా కట్టడం వల్ల నొప్పి తగ్గుతుందని పరీక్షల్లో రుజువు కాలేదు. మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి, రోగికి ఏ భంగిమ హాయిగా ఉంటే అలా ఉంచడం మేలు.

అడుగు 3: బ్లాక్ కోసం అడగడం

తుంటి విరిగిందని తేలగానే అడగండి. "ఆపరేషన్ దాకా నొప్పికి నరాల బ్లాక్ ఇవ్వగలరా? ఇక్కడ ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు?" ఈ రెండు ప్రశ్నలు చాలు. కొన్ని చోట్ల మత్తు డాక్టరు ఇస్తారు, కొన్ని చోట్ల ఎమర్జెన్సీ డాక్టరే ఇస్తారు, శిక్షణ పొందిన నర్సులు ఇచ్చే ఆసుపత్రులూ ఉన్నాయి. అర్ధరాత్రి అయితే "పొద్దున చూద్దాం" అంటారు. అప్పుడు, "కదిలిస్తే నొప్పి ఎనిమిది ఉంది, రాత్రికి ఏం చేస్తారు?" అని అడగండి. అంకె చెప్పి అడిగితే జవాబు వస్తుంది. ఊరికే "నొప్పిగా ఉందండీ" అంటే తల ఊపి వెళ్లిపోయే అవకాశం ఎక్కువ.

రోగికి తెలివి ఉంటే సమ్మతి ఆమెదో ఆయనదో కావాలి. చుట్టూ ఉన్న పదిమంది నిర్ణయించేసి రోగిని చివర్లో అడగడం తప్పు.

అడుగు 4: డాక్టరుకి ముందే చెప్పాల్సినవి

బరువు ఎంత? మందు మోతాదంతా దీని మీదే ఆధారపడుతుంది. మంచం మీదున్న మనిషిని తూచలేరు కాబట్టి ఈమధ్య ఎప్పుడైనా తూచిన అంకె తెలిస్తే చెప్పండి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు? గతంలో పళ్లు తీసేటప్పుడో కుట్లు వేసేటప్పుడో ఇచ్చిన తిమ్మిరి మందు పడలేదా? గజ్జలో పుండు, చీము, ఎర్రదనం ఉన్నాయా? కాలి రక్తనాళాలకి అక్కడ బైపాస్ జరిగిందా? ముందునుంచే కాళ్లలో తిమ్మిర్లు, పక్షవాతం ఉన్నాయా? గుండె లయ జబ్బు, కాలేయ జబ్బు ఉన్నాయా?

రక్తం పలచబరిచే మందు వాడుతున్నంత మాత్రాన బ్లాక్ అవకాశం పోయినట్టు కాదు. ఎక్కువగా ఇచ్చే ఫాసియా ఇలియాకా అనే రకం బ్లాక్ (వివరం అడుగు 5లో) ఇచ్చే చోటు తోలుకి దగ్గర్లో ఉంటుంది, రక్తం వస్తే చేత్తో నొక్కి ఆపవచ్చు. అందుకే వెన్నులో ఇచ్చే సూదికి పెట్టే కఠిన నిబంధనలు దీనికి అలాగే వర్తించవు. లోతుగా ఇచ్చే బ్లాకులకి జాగ్రత్త ఇంకా ఎక్కువ. రోగిని బట్టి డాక్టరు తూకం వేస్తారు.

కొత్త డాక్టర్లకి ఒక మాట. బ్లాక్‌కి ముందు పాదం పైకీ కిందికీ కదులుతోందా, బొటనవేలి దగ్గర స్పర్శ తెలుస్తోందా, నాడి దొరుకుతోందా అన్నది చూసి రాయండి. తర్వాత కాలు మొద్దుబారి ఉన్నప్పుడు అది దెబ్బ వల్లనా, మందు వల్లనా అని తేల్చే దారి ఉండదు.

అడుగు 5: ఏ బ్లాక్

మూడు పేర్లు వినిపిస్తాయి. ఫెమోరల్ బ్లాక్‌లో గజ్జలో ధమని పక్కనే ఉన్న నరం దగ్గర మందు వేస్తారు. ఫాసియా ఇలియాకా బ్లాక్ 1989లో పిల్లల్లో ఇచ్చిన పద్ధతిగా వెలుగులోకి వచ్చింది. ఇందులో నరానికీ ధమనికీ దూరంగా, తుంటి వైపు కండరం మీది పొర కింద ఎక్కువ పరిమాణంలో మందు వేస్తే, అది ఆ పొర కిందే పరుచుకుంటూ వెళ్లి నరాల్ని అందుకుంటుంది. సూది నరానికి దూరంగా ఉండటం దీనిలోని భద్రత. ఆబ్ట్యురేటర్ నరాన్ని ఇది ప్రతిసారీ అందుకోలేదు. మూడోది పెంగ్ బ్లాక్, 2018లో వచ్చింది. కటి ఎముక అంచుకీ సోయాస్ కండరపు స్నాయువుకీ మధ్య, అల్ట్రాసౌండ్ సాయంతో 20 మిల్లీలీటర్ల దాకా మందు వేస్తారు. కీలు పొరకి వెళ్లే కొమ్మలు మాత్రమే మొద్దుబారేలా, తొడ బలం వీలైనంత నిలిచేలా దీన్ని రూపొందించారు. అయినా మందు పక్కకి పాకితే తొడ బలహీనపడవచ్చు.

ఏది గొప్పదన్న చర్చలో రోగికి దక్కేదేమీ లేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి చేతికి బాగా అలవాటైన బ్లాకే ఆ రోగికి మంచి బ్లాక్.

అడుగు 6: సూది వేసే పది నిమిషాలు

ఫాసియా ఇలియాకా బ్లాక్‌నే తీసుకుందాం. ముందు చేతికి సెలైన్ లైన్ ఉండాలి. ఈసీజీ, బీపీ, ఆక్సిజన్ కొలత తగిలించాలి. ఊపిరి అందించే సామగ్రి, మందు వికటిస్తే విరుగుడుగా ఇచ్చే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం) ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి.

తర్వాత మోతాదు లెక్క. బ్లాక్‌లో వాడే తిమ్మిరి మందు బుపివకైన్‌కి గరిష్ఠ హద్దు సాధారణంగా కిలో బరువుకి 2 మిల్లీగ్రాములు. రోగి 40 కిలోల ముసలావిడ అనుకోండి. హద్దు 80 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందులో మిల్లీలీటరుకి 2.5 మిల్లీగ్రాములుంటుంది కాబట్టి 32 మిల్లీలీటర్లు మించకూడదు. అదే 0.5 శాతం మందు చేతికొస్తే 16 మిల్లీలీటర్లకే హద్దు చేరిపోతుంది. ఫాసియా ఇలియాకాకి 30 నుంచి 40 మిల్లీలీటర్ల పరిమాణం కావాలి కాబట్టి పలచటి మందే వాడాలి. "అందరికీ నలభై" అనే అలవాటు బక్కపలచని రోగుల్లో ప్రమాదం తెస్తుంది. వయసు, కాలేయం, గుండె బలహీనతని బట్టి హద్దుకన్నా ఇంకా తగ్గించాలి.

సూది తగిలే ముందు క్షణం ఆగాలి. ఏ వైపు? ఆపరేషన్ కోసం పెట్టిన గుర్తు, ఎక్స్-రే, సమ్మతి పత్రం, రోగి మాట, అన్నీ ఒకే వైపు చెప్పాలి. తప్పు వైపు బ్లాక్ ఇచ్చే పొరపాట్లు ఆపడానికి 2011లో బ్రిటన్‌లో ప్రత్యేకంగా ఒక ప్రచారమే నడిచింది. ఇంటివాళ్లు అక్కడ ఉంటే, "కుడి వైపే కదండీ?" అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి డాక్టరు దానికి కోపం తెచ్చుకోడు.

చర్మాన్ని శుభ్రం చేసి, సూది దిగే చోట సన్న సూదితో ముందు కొంచెం తిమ్మిరి మందు వేస్తారు. అల్ట్రాసౌండ్ ఉంటే తెర మీద ధమని, దాని పక్కన నరం, కండరం మీద తెల్లటి గీతలా పొర కనిపిస్తాయి. సూది కొస ఆ గీత కిందికి చేరాక ఒకటి రెండు మిల్లీలీటర్లు వేస్తే గీత కండరం నుంచి విడిపోయి, మధ్యలో నల్లటి కటకం ఆకారంలో మందు నిలుస్తుంది. అది కనిపిస్తే చోటు సరైనదే. కండరం ఉబ్బితే సూది లోతుకి పోయింది, వెనక్కి తియ్యాలి. అల్ట్రాసౌండ్ లేని చోట తుంటి ముందు మొన నుంచి గజ్జ లోపలి ఎముక మొన దాకా గీత ఊహించి, మూడు భాగాలు చేసి, బయటి మూడో వంతు ముగిసే చోటికి ఒక సెంటీమీటరు కింద మొద్దు మొన సూది దించుతారు. రెండు పొరలు దాటినప్పుడు వేలికి రెండుసార్లు "టప్" మన్నట్టు తెలుస్తుంది. ధమని చోటు ముందే వేలితో పట్టుకుని చూసుకోవాలి.

ఏ పద్ధతిలోనైనా ముందు సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూడాలి. మందు ఐదేసి మిల్లీలీటర్ల చొప్పున, ప్రతిసారీ మళ్లీ లాగి చూస్తూ వెయ్యాలి. వేసేటప్పుడు గట్టి ఒత్తిడి తగిలినా, రోగికి కాల్లోకి కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి వచ్చినా వెంటనే ఆపాలి. అందుకే రోగితో మాట్లాడుతూ చెయ్యడం మంచిది.

అడుగు 7: ఆ తర్వాతి అరగంట

ఇంజెక్షన్ అయిపోగానే అందరూ వెళ్లిపోవడం నేను ఒప్పుకోని సంగతి. మొదటి 30 నిమిషాలు బీపీ, నాడి, ఊపిరి, ఆక్సిజన్ తరచూ చూస్తూ ఉండాలి. కారణాలు రెండు.

మొదటిది, మందు రక్తంలోకి ఎక్కువగా చేరడం. అరుదే కానీ ప్రాణాంతకం. పెదాల చుట్టూ చిమచిమలాడటం, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి ఆందోళన, మాట తడబడటం, ఒళ్లు అదరడం దాని గుర్తులు. ముదిరితే ఫిట్స్, గుండె లయ తప్పడం. పొర కింద వేసిన మందు నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది కాబట్టి ఇవి ఆలస్యంగానూ రావచ్చు. వీటిలో ఏది కనిపించినా పక్కన ఉన్నవాళ్లు వెంటనే కేకెయ్యండి. డాక్టర్లు మందు ఆపి, ఊపిరి చూసుకుని, ఫిట్స్ ఆపి, లిపిడ్ ఎమల్షన్‌ని కిలోకి 1.5 మిల్లీలీటర్ల చొప్పున మొదట ఇచ్చి, తర్వాత ధారగా కొనసాగిస్తారు.

రెండోది అంతగా ఎవరూ పట్టించుకోనిది. బ్లాక్‌కి ముందు మార్ఫిన్ ఇచ్చి ఉంటే, అప్పటిదాకా నొప్పే రోగిని మెలకువగా ఉంచుతోంది. బ్లాక్ పట్టగానే ఆ పోటు పోతుంది, ఒంట్లో మార్ఫిన్ మాత్రం ఉంటుంది. అప్పుడు మనిషి గాఢ మగతలోకి జారి ఊపిరి నెమ్మదించవచ్చు. "హాయిగా నిద్రపోయారు" అని సంతోషించే ముందు పిలిచి చూడండి, ఊపిరి లెక్కపెట్టండి.

అరగంట కాగానే మళ్లీ అదే పరీక్ష: మడమ కింద చెయ్యి, కొద్దిగా లేపడం, అంకె. తొడ ముందు భాగంలో చల్లటి స్పర్శ తెలియకపోతే మందు పట్టినట్టే. అంకె దిగకపోతే మందు సరైన చోట పడలేదేమో, ఇంకో దెబ్బ ఏదైనా ఉందేమో చూడాలి. వెంటనే ఇంకో పూర్తి మోతాదు వెయ్యడానికి వీల్లేదు. గరిష్ఠ హద్దు అప్పటికే దగ్గరపడి ఉంటుంది. మిగతా నొప్పి మందులతో సర్దాలి. పిక్కలో గానీ తొడలో గానీ బిగుసుకుపోయేంత వాపుతో నొప్పి పెరుగుతూ పోతే, దాన్ని బ్లాక్ వైఫల్యమని కొట్టిపారెయ్యకుండా సర్జన్‌ని పిలవండి.

అడుగు 8: థియేటర్ పిలుపు వచ్చేదాకా

మందుని బట్టి ఒక బ్లాక్ సాధారణంగా ఎనిమిది నుంచి పదహారు గంటలు పనిచేస్తుంది. ఆపరేషన్ ఆలస్యమైతే మళ్లీ ఇవ్వవచ్చు, లేదా సన్నటి గొట్టం పెట్టి మందు కొనసాగించవచ్చు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకి, ఏ వైపు అనేది షీట్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. ఆపరేషన్‌లో సర్జన్ గాయం దగ్గర వేసే తిమ్మిరి మందు కూడా అదే లెక్కలో కలుస్తుంది.

మొద్దుబారిన కాలు తన నొప్పి తను చెప్పుకోలేదు. మడమ మంచానికి ఆనకుండా పిక్క కింద దిండు పెట్టండి, రెండు గంటలకోసారి చర్మం ఎర్రబడిందేమో చూడండి. వేడినీళ్ల సంచి అస్సలు పెట్టొద్దు. బ్లాక్ ఇచ్చాక పక్కకి తిప్పడం, వీపు తుడవడం, కాస్త ఎత్తుగా కూర్చోబెట్టి నీళ్లో ఆహారమో పట్టడం సులువవుతుంది. తిండి ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టర్ని అడిగి ఆ ప్రకారం చెయ్యండి. ఇన్ని పనులకి దారి తీస్తుంది కాబట్టే మొదటి గంటల్లో ఇవ్వమంటున్నాను.

ఒక హెచ్చరిక. నొప్పి తగ్గింది కదా అని ఆపరేషన్ వెనక్కి జరపకూడదు. వచ్చిన రోజే, లేదంటే మర్నాడే చెయ్యాలన్నది నైస్ మాట. రోగి కేకలు ఆగాయి కాబట్టి జాబితాలో పేరు కిందికి జారుతోందనిపిస్తే గట్టిగా అడగండి.

అడుగు 9: నడుముకి మత్తు ఇచ్చేటప్పుడు

ఈ ఆపరేషన్లు చాలావరకు నడుముకిచ్చే మత్తుతో జరుగుతాయి. దానికి రోగి కూర్చోవాలి, లేదా పక్కకి తిరిగి ముడుచుకోవాలి. విరిగిన తుంటితో అది నరకం. ముందు ఇచ్చిన బ్లాక్ పనిచేస్తుంటే ఈ ఘట్టం తేలిగ్గా గడుస్తుంది, మనిషి నిలకడగా ఉంటే సూది కూడా త్వరగా దిగుతుంది. వార్డులో ఇచ్చిన బ్లాక్ ప్రభావం పోయి ఉంటే మోతాదు లెక్క చూసుకుని థియేటర్ బయటే మళ్లీ ఇచ్చి, ఇరవై ముప్పై నిమిషాలు ఆగి కూర్చోబెట్టడం మంచి పద్ధతి.

అడుగు 10: ఆపరేషన్ తర్వాత

బ్లాక్ ప్రభావం ఒక్కసారిగా దిగిపోవచ్చు, అదీ తరచుగా అర్ధరాత్రి. స్పర్శ తిరిగి వచ్చేదాకా ఆగకుండా, వేళ ప్రకారం పారాసిటమాల్ పడుతూ ఉండాలి. మొదటిసారి నిలబెట్టే ముందు ఫిజియోథెరపిస్ట్‌కి బ్లాక్ సంగతి, ఇచ్చిన వేళ చెప్పండి. పడుకునే మోకాలు చాచి బిగించగలుగుతున్నారో లేదో చూడాలి. బిగించలేకపోతే తొడ కండరానికి బలం ఇంకా రాలేదు, నిలబెడితే మోకాలు మడతపడుతుంది. మంచం అంచున కూర్చోబెట్టి కాసేపాగి మళ్లీ చూడాలి. ఒక రోజు దాటినా తిమ్మిరి, బలహీనత తగ్గకపోతే బ్లాక్ ఇచ్చిన డాక్టర్ని పిలిపించండి.